నిమ్మకుండీలో నత్తగుడ్లు

దీపాల దొరవారికి,

ఇంటి దగ్గర్నుంచి మీ కత్తెర నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నేను కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారనుకుంటాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. మీ ఉత్తరాల్లో గాలి ఎటు వీస్తోందో, సముద్రం ఎలా ఉందో, లైట్‌హౌస్ అద్దాలు ఎంత శుభ్రంగా తుడిచారో ఉంటుంది గానీ, ఆ తుడిచిన మనిషి వేళకి తిన్నాడో లేదో ఉండదు.

వానలు తగ్గగానే వచ్చేస్తానని వెళ్ళారు. వానలు తగ్గాయి. ఆరేసిన బట్టలు ఎండుతున్నాయి కూడా. మీ బదులు డ్యూటీకి రావాల్సిన మనిషి నత్తనడకన వస్తున్నాడో, అసలు బయల్దేరనే లేదో మీ పై ఆఫీసరుకే తెలియాలి. వెనక వరండాలో మీ కుర్చీ మీద ఇప్పుడు నేను కుట్టాల్సిన బట్టల మూటలు పెడుతున్నాను. చోటు లేక కాదు, దాన్ని ఖాళీగా చూడలేక.

సరే, అసలు సంగతికొస్తాను. మీ కుండీల జోలికి నేను పోనని మీకు తెలుసు. మట్టి చేత్తో తెల్లబట్ట ముట్టుకున్నానంటే మర్నాటికల్లా నా గిరాకీ అంతా పక్క వీధి దర్జీ దగ్గరుంటుంది. ఈ ఇంట్లో ప్రతి మూలా నాది, ఆ కుండీలు మాత్రం మీవి. పొడుగు మూతి చెంబుతో దూరం నుంచి నీళ్ళు పొయ్యడం వరకే నా పని.

ఈమధ్య మీ నిమ్మమొక్క ఆకులకి చిల్లులు పడుతున్నాయి. నాలుగైదు ఆకులైతే మొద్దుకత్తెరతో అడ్డదిడ్డంగా కత్తిరించినట్టున్నాయి. పొద్దున్నే లేచి చూస్తే గచ్చు మీద జిగురు చారలు, ఎండ పడితే జరీ లాగా మెరుస్తాయి. ఎవరో కుండీ దగ్గర్నుంచి నా మిషను దాకా వచ్చి వెళ్తున్నారు. మీరేమోనని ఆశపడేదాన్నే గానీ, మీరు గిన్నె తన్నకుండా ఆ వరండా దాటడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి తెగించి, చేతికి గుడ్డ చుట్టుకుని, పాత చెంచాతో కుండీ అంచున మట్టి పెళ్ళగించాను. వేలు లోతున కనబడ్డాయండీ! తెల్లగా, గుండ్రంగా, మిరియపు గింజకన్నా కాస్త చిన్నవి, ఒకదానికొకటి అంటుకుని గుత్తిగా, అచ్చం ముత్యాల్లాగా. చెంచా అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను.

మీ అక్కయ్యగారిని పిలిచి చూపిస్తే ముక్కున వేలేసుకుని, "బల్లి గుడ్లమ్మాయ్. ఇల్లు ఊడ్చుకోకపోతే ఇవే పెరుగుతాయి" అన్నారు. వదినగారి నోటికి జడిసి ఇల్లంతా రెండుసార్లు ఊడ్చాను. ఎరువుల కొట్టాయనేమో, "గుడ్లా, గాడిద గుడ్డా? అవి ఎరువు గుళికలమ్మా, మెల్లగా కరుగుతాయి" అన్నాడు. మీరేమైనా వేసి వెళ్ళారా? ఇవి ఏమిటో, ఏం చెయ్యాలో రాయండి. వేడినీళ్ళు పొయ్యనా? ఉప్పు చల్లనా? మట్టంతా ఎత్తి వీధి చివర పారబొయ్యనా?

ఇట్లు,
మీ కత్తెర

తా.క.: వెంటనే రాయండి అందామనుకున్నాను గానీ, వెంటనే వచ్చి చూస్తే ఇంకా మేలు. తెలియక అడుగుతాను, ఆ పడవలో తిరుగు ప్రయాణానికి మనుషుల్ని ఎక్కించుకుంటారా, ఉత్తరాలనేనా?

*

ప్రియమైన కత్తెరకి,

రాతిదిబ్బ మీద నుంచి నీ దీపాల దొర ఆశీస్సులతో రాయునది. గాలి పడమటి నుంచి, ఒక మాదిరి. సముద్రం కాస్త చిరాగ్గా ఉంది. నేను కులాసా. నువ్వూ కులాసా అని తలుస్తాను.

పడవ సరంగు సరుకు దించేలోగా రాసి ఇవ్వాలి కాబట్టి నేరుగా చెబుతున్నాను. వాటిని పారెయ్యకు! వేడినీళ్ళు వద్దు. ఉప్పు వద్దే వద్దు. చీపురు ఆ దరిదాపులకి రానివ్వకు. ఆ కుండీలోంచి పిడికెడు మట్టి కూడా మన గుమ్మం దాటకూడదు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఒక్కొక్కటీ జాగ్రత్తగా ఏరు. మంచినీళ్ళతో కడుగు, సబ్బు తగలనివ్వకు. మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టు. తర్వాత దూదిలో పెట్టి, నీ నగల పెట్టెలో దాచి, బీరువాకి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. ఎరువు గుళికలా? వాడి మొహం! నేనేమీ ఎరువు వెయ్యలేదు.

ఇంకో మాట. వాటి దగ్గర్లో దారం లాంటిది కనబడిందా? సన్నటి పట్టుదారం? లేకపోతే నానిపోయిన ఎర్రగుడ్డ ముక్క? ఊరికే అడుగుతున్నాను. మట్టిలో ఏవేవో ఉంటాయి కదా.

అవి ఏమిటంటే... ఒక అరుదైన రకం అనుకో. ఇంతకన్నా ఉత్తరంలో రాయలేను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి. నన్ను నమ్ము.

ఇక నా రాక విషయం. నా బదులు రావాల్సిన అతనికి నడుం పట్టేసిందట. చలికాలం వెళ్ళేదాకా ఉండమని పై ఆఫీసరు బతిమాలుతూ రాశాడు. "నువ్వు కాకపోతే ఇంకెవరున్నారయ్యా" అన్నాడు. నా సంగతి నీకు తెలియంది కాదు. ఎదుటి మనిషి ఆ మాటన్నాడంటే నాకు నోరు పెగలదు. ఆలోచించి చెబుతానని మాత్రం రాశాను.

ఇట్లు,
నీ దీపాల దొర

తా.క.: అన్నీ దొరికాయో లేదో బాగా చూడు. అక్కకి చూపించావు సరే, ఇంక ముట్టుకోనివ్వకు. అక్క చెయ్యి పడితే గట్టి వస్తువు కూడా పగులుతుంది.

*

అరుదైన రకం దొరవారికి,

మీ ఆజ్ఞ శిరసావహించిన కత్తెర నమస్కారాలతో రాయునది. ఇక్కడంతా క్షేమం, గుడ్లతో సహా.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సముద్రపు గాలికి మీకు మతి చలించిందనుకున్నాను. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి మీరు చెప్పినట్టే చేశాను. ఏడుపెందుకో చెబుతాను వినండి. ఆ గుండ్రటివాటి మీద పేజీ నిండా రాశారు. కడుగు, ఆరబెట్టు, దూదిలో పెట్టు, తాళం వెయ్యి. నా గురించి ఒక్క ముక్క, "కులాసా అని తలుస్తాను". అంతే. నన్ను కూడా కుండీలో పాతిపెట్టి వెళ్ళుంటే ఇంకో రెండు ముక్కలు రాసేవారేమో.

దారమూ లేదు, గుడ్డముక్కా లేదు. దారం కావాలంటే మిషను కింద కావలసినంత ఉంది, పంపమంటారా?

ఏరుతుంటే ఒకటి వేలి కింద చితికింది. లోపలినుంచి తెల్లటి నీళ్ళు వచ్చాయి. భయపడి మేడ మీద అద్దెకుండే నర్సమ్మని పిలిచాను. వాళ్ళమ్మగారికి పెద్ద కూరగాయల తోట ఉండేదట. చూస్తూనే నవ్వింది. "నత్తగుడ్లు పిన్నిగారూ. ఎరువు గుళికలైతే పసుపు రంగులో, మట్టంతా చల్లినట్టు విడివిడిగా ఉంటాయి. బల్లి గుడ్డైతే గోడ పగుల్లో ఒకటో రెండో, పెంకుతో ఉంటుంది. ఇలా తడిమట్టిలో గుత్తిగా దాచేది నత్తే" అంది. చెంచాతో ఏరి సబ్బునీళ్ళలో వేసెయ్యమంది. చేతులు బాగా కడుక్కోమంది. పైమట్టి తిరగేసి ఆరనివ్వమంది. సాయంత్రాలు నీళ్ళు పొయ్యడం మాని పొద్దున్నే పొయ్యాలట. కుండీల కింద తడి చెక్కలుంటే తీసెయ్యాలట, పగలంతా నత్తలు వాటి కిందే దాక్కుంటాయట.

"మావారు వాటిని నగల పెట్టెలో పెట్టమన్నారమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వడం మానేసి నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

మీ ఇష్టప్రకారం దూదిలో పెట్టాను. పొడి దూదిలో ఎండి చచ్చిపోతాయని నర్సమ్మ అంటే, మీరు అంత ప్రేమగా రాశారు కదా అని రోజూ కాసిన్ని నీళ్ళు చిలకరిస్తున్నాను. మీకోసం కుట్టిన చొక్కా కూడా అదే బీరువాలో ఉంది. పాత కొలతలతో కుట్టాను. మీరు చిక్కారో ఒళ్ళు చేశారో నాకెలా తెలుస్తుంది? కుట్టుకి పక్కన కాస్త గుడ్డ వదిలాను, వచ్చాక సరిచెయ్యొచ్చని. మీ రాక ఇంకా ఆలస్యమైతే మాత్రం సరిచెయ్యడానికి నా దగ్గర ఏ గుడ్డా మిగల్లేదు.

ఆఫీసరుకి ఏం చెప్పారు? "కుదరదు" అని ఒక్క మాట. నాలుగే అక్షరాలు, మీ దగ్గర లేకపోతే నేను అరువిస్తాను. మీరేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు, ఇక్కడ నిమ్మకి నీళ్ళెత్తేది నేను.

ఇట్లు,
మీ కత్తెర

తా.క.: నర్సమ్మ వాళ్ళ ఆసుపత్రి డాక్టర్లకి తెల్లకోట్లు కుట్టే పని నాకిప్పించింది. కోట్లన్నీ బీరువాలోనే పెడుతున్నాను. మీ అరుదైన రకానికి తోడుగా ఉంటాయి.

*

నా కత్తెరకి,

దొర ఆశీస్సులు. గాలి ఉత్తరం నుంచి, జోరుగా. సముద్రం మండిపడుతోంది. నేనూ అంతే.

చితికిందా? తెల్లటి నీళ్ళొచ్చాయా? నీ ఉత్తరం చదివి మెట్ల మీద అలాగే కూలబడిపోయాను. దీపం అద్దం తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాను, ఇప్పుడు మొహమంతా నూనె.

మోసం! పచ్చి మోసం! ఆ వర్తకుడు నా కళ్ళలోకి చూసి, అసలైనవని వాళ్ళమ్మ మీద ఒట్టేసి అమ్మాడు. నేను ఊరికే నమ్మేశాననుకోకు. పళ్ళ మీద రుద్ది చూశాను. గరగరమన్నాయి. గరగరమంటే అసలు సరుకని అందరూ అంటారు. వానకి నానగానే మెత్తబడి నీళ్ళు కారాయంటే ఏం పెట్టి చేశాడో, జిగురో, మైనమో! తిరిగి రాగానే నేరుగా వాడి కొట్టుకెళ్ళి గల్లా పట్టుకుంటాను. పట్టుకుంటానా? పట్టుకోలేను. వాడు "కూర్చోండి సార్, మంచినీళ్ళు తాగుతారా" అంటే తాగి వచ్చేస్తాను. నా బతుకే అంత.

నర్సమ్మ మాట పట్టించుకోకు. ఆ పిల్లకి సూదిమందు గురించి తెలుస్తుంది గానీ ఇలాంటివాటి గురించి ఏం తెలుస్తుంది? అయినా ఇప్పుడు ఏదైతేనేం. నువ్వు తడిపావో ఆరబెట్టావో నాకు కోపం లేదు. పోయింది పోయింది.

ఒక్క పని, జీవితంలో ఒక్క పని సరిగ్గా చేద్దామనుకున్నాను. అదీ ఇలా అఘోరించింది. ఉత్తచేతులతో ఏ మొహం పెట్టుకుని ఇంటికి రాను? చలికాలం ఉంటానని ఆఫీసరుకి కాగితం రాసేశాను. సరంగు తొందరపడుతున్నాడు, సంతకం పెట్టి కవరులో పెట్టేసరికి వెళ్ళిపోయేలా ఉన్నాడు. వచ్చే పడవకి ఇస్తాను.

ఇట్లు,
నీ దొర

తా.క.: ఆ చొక్కా నీ దగ్గరే ఉంచు. నా కొలతలు మారాయి. ఎటు మారాయని అడగకు.

*

శ్రీమాన్ పళ్ళమీద రుద్దిన దొరవారికి,

మీ భార్య అనబడే మనిషి రాయునది. క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, మీ దగ్గర నేర్చుకున్నాను.

నగల పెట్టెలో పిల్లలు పుట్టాయి!

పొద్దున్న కోట్లు ఇస్త్రీ చేద్దామని బీరువా తెరిచాను. నా గొలుసు కదిలింది. కళ్ళు నులుముకుని చూశాను. గొలుసు కాదు, గొలుసు మీద గోరు చివరంత నత్తపిల్లలు, అద్దం లాంటి గుల్లలు నెత్తిన పెట్టుకుని బారులు తీరాయి. కమ్మల మీద ఒకటి, నా పెళ్ళినాటి ఉంగరంలోంచి తల బయటికి పెట్టి ఇంకొకటి. పెట్టె మూత సందులోంచి కోట్ల మీదకి ఎప్పుడు పాకాయో ఏమో, తెల్లబట్ట నిండా జిగురు చారలు. నా కేకకి నర్సమ్మ మెట్లు దూకుతూ వచ్చింది, వదినగారు వీధిలోంచే "నే చెప్పలా, ఇల్లు ఊడవదని" అంటూ వచ్చారు.

ఇద్దరం కూర్చుని ఏరాం, ఉతికాం, ఆరేశాం. అయినా పెద్ద డాక్టరుగారి కోటు జేబు చూడటం మర్చిపోయాం. ఆయన వార్డులో ఒక రోగి నాలిక చూస్తుంటే, జేబులోంచి నత్తపిల్ల మెల్లగా పైకొచ్చి తన కొమ్ములు చాపి రోగిని చూసిందట. ఆ రోగికి వారం నుంచి మాట రావడం లేదు, ఆ పూట వచ్చిందట. అందుకని డాక్టరుగారు నన్ను క్షమించారు.

ఇప్పుడు నా ప్రశ్నలకి జవాబు చెప్పండి. నత్తగుడ్లు అమ్మే వర్తకుడెవరు? వాటిని పళ్ళ మీద రుద్దారా? రుద్దాక నోరు కడుక్కున్నారా? గరగరమన్నాయా? ఏమండీ, ఇంతకాలం కాపురం చేసి నాకు తెలియని మనిషా మీరు?

సరే, నవ్వింది చాలు. నాకు నవ్వడం కూడా విసుగొచ్చింది. ఎవరో మిమ్మల్ని మోసం చేశారు. ఏం కొన్నారో, ఎందుకు కొన్నారో నేనడగను. దానికీ ఇంటికి రాకపోవడానికీ సంబంధం ఏమిటి? ఉత్తచేతులతో రాలేనంటారా? నేనెప్పుడైనా మీ చేతుల్లో ఏముందని చూశానా? తలుపు తీసినప్పుడు నేను చూసింది చేతుల్నే, చేతుల్లోవాటిని కాదు.

టీ పెట్టినప్పుడల్లా రెండో గ్లాసు కూడా కడిగి పెడుతున్నాను. రాత్రి వెనక తలుపు గడియ వేసే ముందు ఒకసారి వీధిలోకి చూస్తున్నాను. మిషను ఆపినప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటోందంటే, ఆపబుద్ధి కాక అవసరం లేని గుడ్డలకి కూడా అంచులు కుడుతున్నాను. ఇంతకన్నా విడమర్చి చెప్పడం నాకు చేతకాదు. మీరు కావాలి. అంతే.

ఆ కాగితం గనక ఆఫీసరుకి వెళ్ళిందో, నిమ్మకుండీ వీధిలో పెట్టి నేను మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతాను. నత్తలు మీ అక్కయ్యగారిని చూసుకుంటాయి.

ఇట్లు,
ఇంకా మీ కత్తెరే

తా.క.: క్షేమసమాచారం: నేను కులాసాగా లేను.

*

ఏమోయ్,

గాలి ఎటు వీస్తోందో చూడలేదు.

నీ ఉత్తరం అందగానే కవరులోంచి ఆ కాగితం తీసి చింపేశాను. వెనకవైపు "కుదరదు. ఇంటికి వెళ్ళాలి. నా భార్య కులాసాగా లేదు" అని రాసి... చింపాక ఎక్కడ రాస్తాను, ఇంకో కాగితం తీసి రాశాను. చదివి చూసుకుంటే చాలా బాగుంది. ఇది ఎవరు రాశారా అని నాకే ఆశ్చర్యమేసింది. బదులు మనిషి నడుముకి కట్టు కట్టించైనా పంపమన్నాను. వచ్చే పడవకి వస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి వినేసెయ్. ఇంక దాచలేను.

చాలా కాలం కిందట నువ్వు ఒక పెళ్ళికూతురి గౌనుకి ముత్యాలు కుట్టావు, గాజువి. పని అయ్యాక మిగిలిన దండ మెడ దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకున్నావు. నా అడుగులు వినబడగానే చటుక్కున తీసి డబ్బాలో పడేశావు. నేను చూడనట్టే గుమ్మంలోంచి వెనక్కి వెళ్ళిపోయాను. ఆరోజునుంచీ అది నా మనసులో ఉండిపోయింది. ఈసారి వెళ్ళేముందు మన పెళ్ళిరోజుకి అసలు ముత్యాల దండ కొన్నాను, ఒంటి పేటదే. ఆ రోజు పొద్దున్నే నీ మెడలో వేద్దామనుకున్నాను. ఏం లాభం, పడవ ముందే వచ్చేసింది. సరంగు ఈల వేస్తున్నాడు, నువ్వు నా సంచి సర్దుతున్నావు. ఆ హడావిడిలో "ఇదిగో" అని చేతిలో పెట్టడం నాకు మనస్కరించలేదు.

నీకు తెలియకుండా ఈ ఇంట్లో ఒక వస్తువు దాచడం ఎవరి తరం? బీరువా నీది, సొరుగులు నీవి, పరుపు కింద కూడా నీ పాత కొలతల కాగితాలు. నువ్వు చెయ్యి పెట్టనిది ఒకటే, మట్టి. అందుకని ఎర్రగుడ్డ సంచిలో పెట్టి నిమ్మకుండీలో పాతాను.

నువ్వు "ముత్యాల్లా ఉన్నాయి" అనగానే దారం తెగి బయటపడ్డాయనుకున్నాను. చితికి నీళ్ళొచ్చాయనగానే నకిలీవనుకున్నాను. పాపం ఆ వర్తకుణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో! పిల్లలు పుట్టాయని చదివాక గానీ అవి నిజంగా నత్తగుడ్లని నా బుర్రకెక్కలేదు. ముత్యానికి పిల్లలు పుట్టవని అంతమాత్రం తెలుసు.

అయితే ఆ దండ ఇంకా కుండీలోనే ఉండాలి. నువ్వు తవ్వకు. నీకు పుణ్యముంటుంది, చెంచా అటు తీసుకెళ్ళకు. నేనొచ్చి తీస్తాను. నేనే వేస్తాను.

మిగిలిన గుడ్లేమైనా కనబడితే నర్సమ్మ చెప్పినట్టే సబ్బునీళ్ళలో వెయ్యి. ఉప్పు మాత్రం వద్దు, నిమ్మ వేళ్ళు మాడిపోతాయి. ఆ పిల్లకి క్షమాపణలు చెప్పు.

ఇక్కడ దీపం తిరుగుతున్నప్పుడు వెలుతురు ఒకసారి మన ఊరి దిక్కుగా పడుతుంది. అంత దూరం అందదని నాకు తెలుసు, దాన్ని కొలిచే ఉద్యోగమే నాది. అయినా అది అటు తిరిగినప్పుడల్లా లేచి నిలబడతాను. నీకు ఏనాడూ రాయలేదు. సిగ్గేసింది.

నీ,
నేను

తా.క.: పళ్ళ మీద రుద్దింది ముత్యాల్నే. నోరు కూడా కడుక్కున్నాను.

*

ఏమండోయ్,

ఈ ఉత్తరం పడవలో రాదు, సరంగు చేతికివ్వలేదు. పడవ వచ్చే రోజు పొద్దున్నే మైనపు కాగితంలో చుట్టి, ఎర్రగుడ్డ సంచిలో పెట్టి, నిమ్మకుండీలో మీరు పాతిన చోటే పాతుతున్నాను. మీరు గుమ్మంలోకి రాగానే "మొక్కలెలా ఉన్నాయో చూసొస్తా" అని చెప్పులైనా విప్పకుండా వెనక వరండాలోకి వస్తారు. నేను లోపల టీ పెడుతున్నట్టు నటిస్తాను. మీరు అటూ ఇటూ చూసి చెయ్యి మట్టిలో పెడతారు. సంచి దొరుకుతుంది. విప్పితే ముత్యాలకి బదులు నా గీతలుంటాయి. కంగారుపడకండి, చదవండి.

ఆ సంచి మీరు పెట్టింది కాదు, చూశారా? మీది వానకి తడిసి రంగు పోయింది. ఇది నేను కుట్టాను. అంచులు చూడండి, ఎంత సన్నగా కుట్టానో.

మీరు వెళ్ళిన వారానికే దొరికిందండీ. ఆరోజు మరీ తోచలేదు. మీ కుర్చీలో కూర్చున్నాను, మీ తువ్వాలు భుజాన వేసుకున్నాను. అయినా తీరలేదు. మీరు రోజూ చేతులు పెట్టేది ఆ మట్టిలోనే కదా అని నా చెయ్యి కూడా పెట్టాను. అవును, నేనే. పక్కన తెల్లబట్టలుండగానే. చల్లగా ఉంది. కాసేపు అలాగే ఉంచాను. వేళ్ళకి గుడ్డ తగిలింది.

దండ చూసి ఎంత ఏడ్చానో చెప్పను. తీసి మిషను సొరుగులో పెట్టాను. మీరొచ్చి చెబుతారు కదా అని ఎదురుచూశాను. మీరు రాలేదు, గాలి సంగతులు వచ్చాయి. రమ్మని ఎన్ని ఉత్తరాల్లో రాశాను? ఒక్కదానికైనా కదిలారా? తర్వాత ఆ కుండీలోనే నత్తగుడ్లు కనబడ్డాయి. నిజంగానే ఏమిటో తెలియక రాశాను. ముత్యాల్లా ఉన్నాయని రాసేటప్పుడు మాత్రం కాస్త నవ్వుకున్నాను. దారం కనబడిందా, ఎర్రగుడ్డ కనబడిందా అని మీ జవాబు రాగానే అంతా అర్థమైపోయింది. నాకోసం కదలని మనిషి నత్తగుడ్ల కోసం పేజీ రాశారే అని ఒళ్ళు మండింది. సరే, ఏడిపిద్దామనుకున్నాను. రెండ్రోజులుంచి సబ్బునీళ్ళలో వేసెయ్యాలనుకున్నాను. కోట్ల పనిలో పడి నీళ్ళు చిలకరించానే గానీ పారెయ్యడం మర్చిపోయాను, మిమ్మల్ని ఏడిపించబోతే నా కోట్లే ఏడ్చాయి. పిల్లలు పుట్టడం, డాక్టరుగారి జేబు, అన్నీ నిజమే. నేను కులాసాగా లేనన్నది అన్నిటికన్నా నిజం.

ఆ గాజు ముత్యాల రోజు మీరు చూశారా? చూడలేదనే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ.

మట్టి తిరగేశాను, తడి చెక్కలు తీసేశాను, నీళ్ళు పొద్దున్నే పోస్తున్నాను. నత్తలు పోయాయి. తినగా మిగిలిన కొమ్మకి రెండు మొగ్గలు వచ్చాయి, అవి మీ కుడిచేతి వైపున్నాయి.

ఇంక తల ఎత్తండి. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. దండ మెడలో ఉంది గానీ పట్టుకుని నిలబడ్డాను, వెనక కొక్కెం పెట్టుకోలేదు. ఊరందరి బట్టలకీ కొక్కేలు కుట్టేదాన్ని, నా మెడ వెనకది నాకు అందడం లేదు. మీరొచ్చి పెట్టండి.

ఇట్లు,
మీ కత్తెర

తా.క.: ముందు చేతులు కడుక్కోండి. సబ్బుతో.